రద్దీలో బాగుంటుంది, ఖాళీలో చెడుతుంది: చీనీ మండీ సర్వర్‌తో నా అనుభవం

ఆగస్టు 4 నుంచి అనంతపురంలో ఒక చీనీ (బత్తాయి) మండీ కంప్యూటర్ పనులు నేను చూస్తున్నాను. అంతకుముందు చూసిన అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం రావడంతో వెళ్ళిపోయాడు. వెళ్తూ పాస్‌వర్డ్‌లు రాసిన కాగితం చేతిలో పెట్టి, "పొద్దున పూట కాటా దగ్గర ఏదో కనెక్షన్ ఎర్రర్ వస్తాంది అన్నా. నెట్ ప్రాబ్లమ్ అనుకుంటా" అన్నాడు. ఆ ఎర్రర్ వదలడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. రివర్స్ ప్రాక్సీ (వచ్చిన రిక్వెస్ట్‌లను అందుకుని వెనక సర్వర్‌కు అందించేది) వెనక అప్లికేషన్ పెట్టుకుని, ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని 502 ఎర్రర్‌తో అవస్థ పడుతున్నవాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కాటా గదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. కాటా చూపించే బరువును ఒక చిన్న ప్రోగ్రామ్ ఐదు సెకన్లకోసారి సర్వర్‌కు పంపుతూ ఉంటుంది. ఆఫీసు గదిలో గుమాస్తా ఆ బరువు చూసి చీటీ తీస్తాడు. రైతు పేరు, ఊరు, బరువు, సూటు (తరుగు), టన్ను ధర, హమాలీ, కమీషన్ అన్నీ అందులోనే. (సూటు కింద ఎంత కోస్తారన్న గొడవ జోలికి నేను పోను, అది కంప్యూటర్‌తో తీరేది కాదు.) సర్వర్లు రెండూ ముంబైలో అద్దెకు తీసుకున్నవి. ముందున్న దాంట్లో రివర్స్ ప్రాక్సీ పని చేసే ఇంజిన్‌ఎక్స్, వెనక దాంట్లో నోడ్‌తో (జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్‌లను సర్వర్‌లో నడిపేది) రాసిన అప్లికేషన్. ఆ అప్లికేషన్ హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ రాసింది. దాని కోడ్ నా చేతిలో లేదు. నేను ముట్టుకోగలిగింది ముందున్న ఇంజిన్‌ఎక్స్‌ను మాత్రమే.

ఆగస్టు 6 పొద్దున ఆరుంబావుకు మొదటి ఫోన్. వెళ్ళేసరికి కాటా మీద బండి ఉంది. ఎర్రటి అంకెల్లో 4,280 కనిపిస్తోంది. పక్కన కంప్యూటర్‌లో మాత్రం ప్రోగ్రామ్ బూడిద రంగుకు తిరిగి "కనెక్షన్ ఎర్రర్" అని ఒక చిన్న పెట్టె చూపిస్తోంది. దాన్ని మూసి, ప్రోగ్రామ్ మళ్ళీ తెరిచి, లాగిన్ అయ్యి, కాటా పోర్టు ఎంచుకుంటే పని చేస్తుంది. మొత్తం రెండు నిమిషాలు. మామూలుగా రెండు నిమిషాలంటే ఏమీ కాదు. వెనక బండ్లు వరసకట్టి, రైతు కిటికీలోంచి తల పెట్టి చూస్తుంటే మాత్రం చాలా ఎక్కువ. తాడిపత్రి వైపు నుంచి వచ్చిన ఒకాయన "ఇంగ ఎంతసేపప్పా, బండికి వెయిటింగు పడతాంది" అన్నాడు. కాటా గుమాస్తాకు ఇది అలవాటైపోయినట్టుంది. బరువు ఒక తెల్ల కాగితం మీద రాసిచ్చి బండిని పంపేశాడు. ఆ కాగితాలన్నీ మధ్యాహ్నం కూర్చుని ఎక్కించుకోవాలి.

యజమాని తన ఫోన్ తీసి చూపించాడు. "నా ఫోన్లో బాగానే వస్తాంది కదప్పా. కాటా కాడ మాత్రం ఎందుకు రాదు?"

ఈ ప్రశ్నే అందరినీ దారి తప్పించింది. ఫోన్‌లో అదే సర్వర్, అదే అప్లికేషన్, అదే నిమిషంలో బ్రహ్మాండంగా తెరుచుకుంటోంది. కాబట్టి తప్పు కాటా గదిలోనే ఉందని తేల్చేశారు. నెట్ ఇచ్చే వాళ్ళ కుర్రాడు వచ్చి కేబుల్ చివర కత్తిరించి మళ్ళీ బిగించి 600 తీసుకున్నాడు. రెండు రోజుల తరవాత "రూటర్ పాతది సార్" అని కొత్తది పెట్టించాడు. దానికి 1,850. ఆ మర్నాడు పొద్దున ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, అందరం సంతోషించాం. దాని మర్నాడు మూడు వచ్చాయి.

నెట్ కాదని నాకు మొదటి రోజే అనుమానం. కాటా ప్రోగ్రామ్ లాగ్ ఫైల్‌లో 502 అని స్పష్టంగా ఉంది. నెట్ లేకపోతే ఏ నంబరూ రాదు, అసలు జవాబే ఉండదు. 502 అనేది ఇంజిన్‌ఎక్స్ ఇచ్చే జవాబు. అంటే కాటా కంప్యూటర్ నుంచి ముంబై దాకా రోడ్డు బాగానే ఉంది, గుమ్మంలో ఉన్న మనిషి లోపలికి వెళ్ళి అడిగి "లోపలివాళ్ళు సరిగా పలకలేదు" అని వచ్చి చెబుతున్నాడు. ఇది యజమానికి చెప్పి చూశాను. "అయితే ఫోన్లో ఎట్ల వస్తాంది?" అన్నాడు. అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

ఇంజిన్‌ఎక్స్ లాగ్ చూడటానికి కూర్చుంటే మొదటి చిన్న ఆశ్చర్యం: గుమాస్తా చెప్పిన టైముకు లాగ్‌లో ఏమీ లేదు. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంది. మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. పొద్దున 6:40 అంటే అక్కడ 1:10. ఐదుంబావుకు వచ్చిన ఎర్రర్ అయితే ముందు రోజు తేదీ కింద, 23:45 దగ్గర ఉంటుంది. ఇది తెలియక ఒక పూట వృథా.

ఎర్రర్ లాగ్‌లో ప్రతిసారీ ఒకటే వాక్యం: "అప్‌స్ట్రీమ్ ప్రిమెచ్యూర్లీ క్లోజ్డ్ కనెక్షన్". జవాబు ఇంకా మొదలు కాకముందే వెనక సర్వర్ కనెక్షన్ మూసేసిందని అర్థం. అక్కడక్కడ "కనెక్షన్ రీసెట్ బై పీర్, 104" అని, అంటే అవతలివాళ్ళు కనెక్షన్ తెంపేశారని, కూడా ఉంది. ఇది పట్టుకుని ఎక్కడ అడిగినా ఒకటే సలహా, టైమౌట్ పెంచు అని. ఇంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ రీడ్ టైమౌట్ (వెనక సర్వర్ జవాబు కోసం ఎదురుచూసే గడువు) మామూలుగా 60 సెకన్లు. దాన్ని 300 చేశాను. ఏ మార్పూ లేదు. సర్వర్ అద్దెకిచ్చే కంపెనీకి ఫిర్యాదు టికెట్ పెట్టాను. ఒకటిన్నర రోజు తరవాత "మీ అప్లికేషన్‌కు మెమరీ చాలడం లేదేమో, పై ప్లాన్ తీసుకోండి" అని జవాబు. నెలకు 750 ఉన్నది 1,450 అయింది. యజమాని ఏమీ అనలేదు గానీ, నాకిచ్చే నెల డబ్బుల మాట ఎత్తితే "ముందు ఇది తేలనీ అప్పా" అనడం మొదలుపెట్టాడు.

ఆగస్టు రెండో వారమంతా అదే టెన్షన్. కాయ బాగా దిగే రోజులు, ఢిల్లీ లారీలు రాత్రి నుంచే వచ్చి నిలబడి ఉంటాయి. పొద్దున ఆరింటికి ఫోన్ మోగితే చాలు, పేరు చూడకముందే గుండె దడ. మా ఆవిడ ఆ ఫోన్ రింగ్‌టోన్ మార్చేయమంది. మార్చినా దడ పోలేదు.

అసలు పని అప్పుడు మొదలైంది. ఇంజిన్‌ఎక్స్ మామూలుగా రాసే యాక్సెస్ లాగ్‌లో వెనక సర్వర్ గురించి ఏమీ ఉండదు. ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఏ నంబర్ ఇచ్చాం, అంతే. లాగ్ ఫార్మాట్‌లో ఇంకో నాలుగు చేర్చాను: మొత్తం ఎంత సేపు పట్టింది, వెనక సర్వర్ ఎంత సేపు తీసుకుంది, ఏ అడ్రస్‌కు వెళ్ళింది, అది ఏం నంబర్ ఇచ్చింది. మీకు ఇలాంటి సమస్య ఉంటే ఇంకేదీ ముట్టుకోకముందు ఇది చేయండి. డబ్బు ఖర్చు లేదు, ఐదు నిమిషాల పని. ఇంకో పని కూడా చేశాను. కాటా గుమాస్తాకు ఒక పెన్సిల్ ఇచ్చి, ఎర్రర్ వచ్చినప్పుడల్లా చీటీ పుస్తకం వెనక అట్ట మీద టైమ్ రాయమన్నాను. ఆయన నాకన్నా పద్ధతిగా రాశాడు. టైముతో పాటు అప్పుడు కాటా మీద బండి ఉందో లేదో కూడా.

మర్నాడు లాగ్ తెరిస్తే 502 ఉన్న ప్రతి వరసలోనూ వెనక సర్వర్ తీసుకున్న సమయం 0.000 లేదా 0.001. నాకు ఒళ్ళు జలదరించింది. అప్లికేషన్ నెమ్మదిగా ఉండి, మెమరీ చాలక, ఆలోచించి ఆలోచించి చచ్చిపోతే ఇక్కడ సెకన్లు కనిపించాలి. నిజంగా టైమౌట్ అయితే ఆ నంబర్ 504 అయ్యేది. అడిగినవాడే విసుగొచ్చి వెళ్ళిపోతే ఇంజిన్‌ఎక్స్ 499 రాస్తుంది. ఇది రెండూ కాదు. అడిగిన క్షణంలోనే తలుపు మూసేశారు. 300 సెకన్ల టైమౌట్, పై ప్లాన్ ఎందుకు పని చేయలేదో తెలిసింది. అవి వేరే జబ్బుకు మందులు.

సాయంత్రం చీటీ పుస్తకం చూశాను. 6:05, బండి లేదు. 6:22, బండి లేదు. 10:50, బండి లేదు. ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య, మండీ కిక్కిరిసి ఉండే సమయంలో, ఒక్కటీ లేదు.

"రష్‌లో దీనికి ఏ రోగమూ ఉండదు సార్. ఖాళీగా ఉన్నప్పుడే చెడతాంది. బండి ఎక్కేసరికి అప్పటికే చచ్చి ఉంటాంది" అన్నాడు కాటా గుమాస్తా. ఈ మాట ఆయన జూలైలోనే పాత అబ్బాయికి చెప్పాడట. ఎవరూ పట్టించుకోలేదు. లోడ్ పెరిగితే సర్వర్ చెడుతుందని అందరికీ తెలుసు, లోడ్ లేకపోతే చెడుతుందంటే ఎవరు వింటారు?

ఆ రాత్రి బెంగళూరులో ఉన్న నా స్నేహితుడికి ఫోన్ చేశాను. వాడు ఒకటే అడిగాడు: "మామా, అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో కీప్‌ఎలైవ్ ఉందా?" ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో వెనక సర్వర్ వివరాలు రాసే చోటు అది. ఉంది, "కీప్‌ఎలైవ్ 32" అని ఒక లైను. ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త కనెక్షన్ తెరవకుండా, పాతవాటిని తెరిచి ఉంచి మళ్ళీ వాడుకోవడానికి అది. "నోడ్ ఐదు సెకన్లు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను మూసేస్తుంది, నువ్వు మార్చకపోతే అదే లెక్క. నీ కాటా ఎన్ని సెకన్లకోసారి పంపుతుంది?" అన్నాడు.

ఐదు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరవాత వాడు గట్టిగా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, పన్నెండయింది, పొద్దున ఆరింటికి మళ్ళీ మండీ.

జరుగుతున్నది ఇది. ఖాళీగా ఉన్నప్పుడు కాటా ఒక్కటే సర్వర్‌తో మాట్లాడుతూ ఉంటుంది. ఒక బరువు పంపి, జవాబు అందుకుని, ఐదు సెకన్లు ఆగి ఇంకోటి. అవతల నోడ్ కూడా సరిగ్గా ఐదు సెకన్లు చూసి ఆ కనెక్షన్ మూసేస్తుంది. రెండూ దాదాపు ఒకే క్షణంలో. ఎక్కువసార్లు ఎవరో ఒకరు ముందుంటారు, ఏ ఇబ్బందీ ఉండదు. ఎప్పుడో ఒకసారి "మూసేస్తున్నాను" అన్న కబురు ఇంజిన్‌ఎక్స్‌కు చేరేలోపే ఇంజిన్‌ఎక్స్ అదే కనెక్షన్ మీద బరువు పంపేస్తుంది. మూసిన కనెక్షన్ మీద పడ్డ ఆ రిక్వెస్ట్‌కు జవాబు రాదు, అదే 502. మండీ నిండుగా ఉన్నప్పుడు గుమాస్తాల ఫోన్లు, ఆఫీసు కంప్యూటర్లు అన్నీ వాడుతుంటాయి కాబట్టి ఆ కనెక్షన్‌కు ఐదు సెకన్ల ఖాళీ దొరకదు.

మరి యజమాని ఫోన్‌లో ఎందుకు రాలేదు? ఫోన్‌లో ఆయన చూసేది లెక్కల పేజీ, అంటే సమాచారం అడిగి తెచ్చుకునే గెట్ రిక్వెస్ట్. దాచి ఉంచిన కనెక్షన్ ఇలా తెగిపోతే గెట్‌ను ఇంజిన్‌ఎక్స్ చప్పుడు కాకుండా ఇంకో కనెక్షన్ మీద మళ్ళీ పంపుతుంది, మనకు తెలియను కూడా తెలియదు. బరువు పంపేది పోస్ట్, అంటే సమాచారం నమోదు చేయించే రిక్వెస్ట్. ఒకసారి వెళ్ళిన పోస్ట్‌ను మళ్ళీ పంపితే అవతల రెండుసార్లు నమోదయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, మనం ప్రత్యేకంగా చెబితే తప్ప పంపదు. ఇంజిన్‌ఎక్స్ 1.9.13 వెర్షన్ నుంచి ఇదీ పద్ధతి. అలా చెప్పే సెట్టింగ్ ఉంది, అది పెట్టేయమని నా స్నేహితుడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒక బండి బరువు రెండుసార్లు పడితే మండీలో జరిగే గొడవ ముందు 502 చాలా నయం.

నేను సర్వర్‌లోంచే అప్లికేషన్‌ను నేరుగా కర్ల్ అనే కమాండ్‌తో ఎన్నిసార్లు అడిగినా ఎర్రర్ ఎందుకు రాలేదో కూడా ఇప్పుడు అర్థమైంది. కర్ల్ ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరుస్తుంది. పాత కనెక్షన్ జబ్బు దానికి అంటదు.

అనుమానం సరే, రుజువు కావాలి. హైదరాబాద్ కంపెనీకి ఊరికే చెబితే వినరు. ఇంజిన్‌ఎక్స్ ఉన్న సర్వర్‌లో టీసీపీడంప్ అనే టూల్ పెట్టి, వెనక అప్లికేషన్ పోర్టుకు వెళ్ళొచ్చే ప్యాకెట్లను పొద్దున ఐదున్నర నుంచి పట్టి ఉంచాను. 6:31కి ఒకటి దొరికింది. జవాబు వచ్చాక అయిదు సెకన్లపాటు ఏమీ లేదు. తరవాత ఇంజిన్‌ఎక్స్ నుంచి పోస్ట్ బయలుదేరింది. ఒక మిల్లీసెకను కూడా గడవకముందే అవతల నుంచి ఫిన్, అంటే "మూసేస్తున్నాను" అన్నది, వచ్చింది. దాని వెనకే రీసెట్. పోస్ట్, ఫిన్ దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. కాటా గుమాస్తా పెన్సిల్ గీతలో కూడా 6:31 ఉంది. ఆ మూడు వరసలు స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను.

సరిచేయడానికి రెండు దారులు. ఇంజిన్‌ఎక్స్ తన వైపు ఖాళీ కనెక్షన్లను నోడ్ కన్నా ముందే, అంటే నాలుగు సెకన్లకే, వదిలేయాలి. లేదా నోడ్ ఇంజిన్‌ఎక్స్ కన్నా ఎక్కువ సేపు పట్టుకుని ఉండాలి. మొదటిది నా చేతిలోదే కదా అని అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో కీప్‌ఎలైవ్ టైమౌట్ నాలుగు సెకన్లు అని రాసి పరీక్షిస్తే "ఈ డైరెక్టివ్ ఇక్కడ కుదరదు" అంది. సర్వర్‌లో ఉబుంటు 18.04 (ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది, దాంతో వచ్చిన ఇంజిన్‌ఎక్స్ 1.14. అప్‌స్ట్రీమ్‌లో ఆ సౌకర్యం 1.15.3 నుంచే ఉంది. మండీ సీజన్ మధ్యలో సర్వర్ వెర్షన్ మార్చే ధైర్యం నాకు లేదు.

అందుకే ఆగస్టు 22 మధ్యాహ్నం, బండ్లన్నీ వెళ్ళిపోయాక, "కీప్‌ఎలైవ్ 32" లైను ముందు ఒక హ్యాష్ గుర్తు (#) పెట్టాను, ఇక ఆ లైనును ఇంజిన్‌ఎక్స్ పట్టించుకోదు. కాన్ఫిగ్ పరీక్షించి రీలోడ్ చేశాను. రీస్టార్ట్ కాదు, రీలోడ్. నడుస్తున్న రిక్వెస్ట్‌లు తెగిపోకుండా పాత వర్కర్లు వాటి పని ముగించుకుని వెళ్ళిపోతాయి. ఇప్పుడు ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త కనెక్షన్. కొంచెం ఆలస్యం అవుతుందని భయపడ్డాను. పక్కపక్క సర్వర్ల మధ్య అది లెక్కకు కూడా రాలేదు. గంటకు లక్షల రిక్వెస్ట్‌లు వచ్చే చోట ఆ లైను కావాలి, మా మండీకి అక్కర్లేదు.

మర్నాడు పొద్దున ఫోన్ రాలేదు. ఏడున్నరకు నేనే చేశాను. "ఏం సార్, ఏమన్నా అయిందా?" అని కాటా గుమాస్తా కంగారుపడ్డాడు. ఏమీ కాలేదని చెప్పి పెట్టేశాను. ఆ తరవాత వారమంతా యాక్సెస్ లాగ్‌లో 502 కోసం వెతికాను, ఒక్కటీ లేదు.

హైదరాబాద్ కంపెనీకి మెయిల్ పంపితే ముందు "మా టెస్ట్‌లో ఇలా రావడం లేదు" అని జవాబు. వాళ్ళ టెస్ట్‌లో ఐదు సెకన్లకోసారి పలికే కాటా లేదు కదా. స్క్రీన్‌షాట్ పంపాక మాత్రం అవతల ఎవరో తెలిసినవాడే చూసినట్టున్నాడు, ప్రశ్నలు అడగకుండా సెప్టెంబర్ 2న మార్చేశారు. నోడ్ వైపు కీప్‌ఎలైవ్ టైమౌట్ 65 సెకన్లు, హెడర్స్ టైమౌట్ (రిక్వెస్ట్ హెడర్లు పూర్తిగా అందేవరకు ఆగే గడువు) 66. రెండోది మొదటిదాని కన్నా ఎక్కువ ఉండాలని నా స్నేహితుడు ముందే చెప్పాడు, కొన్ని నోడ్ వెర్షన్లలో అలా లేకపోతే అదే రకం రీసెట్‌లు మళ్ళీ వస్తాయి. ఇంజిన్‌ఎక్స్‌లో హ్యాష్ గుర్తు మాత్రం నేను తీయలేదు. సీజన్ అయిపోయాక కొత్త ఉబుంటు పెట్టినప్పుడు తీస్తాను. కొత్త ఇంజిన్‌ఎక్స్‌లో ఖాళీ కనెక్షన్ గడువు ఎలాగూ 60 సెకన్లు, నోడ్ 65తో సరిపోతుంది.

కాటా ప్రోగ్రామ్ రాసినవాళ్ళను కూడా అడిగాను, ఒక్క ఎర్రర్‌కే ఆగిపోకుండా తనంతట తానే మళ్ళీ మొదలయ్యేలా మార్చమని. 3,000 అవుతుందన్నారు. యజమాని "ఇప్పుడు రావడం లేదు కదప్పా, ఇంగెందుకు?" అన్నాడు. నా ఆగస్టు డబ్బులు మాత్రం అదే రోజు ఇచ్చాడు, రూటర్ ఎందుకు కొనిపించావని ఒక్కసారి అడిగి.

ఇక మిగిలింది ఆ పై ప్లాన్. తగ్గించమని టికెట్ పెడితే డిస్క్ పెంచాక మళ్ళీ చిన్న ప్లాన్‌కు తేవడం కుదరదట. కొత్తగా చిన్న సర్వర్ తీసుకుని అంతా దాంట్లోకి మార్చుకోవాలి. ఉబుంటు ఎలాగూ మార్చాలి కాబట్టి రెండూ కలిపి కాయ తగ్గాక చేస్తాను, అంతవరకు నెలకు 700 అదనంగా కట్టాల్సిందే. పై ప్లాన్ తీసుకోమని ఎవరైనా చెబితే, డిస్క్ అలాగే ఉంచి మెమరీ మాత్రమే పెంచే వీలుందా అని ముందే అడగండి.